బోస్టన్ ఆడవాళ్ళ క్రిస్మస్ బజారు



పేదల కోసమో, అనాథల కోసమో, గుడి మరమ్మతు కోసమో ఏడాదికోసారి బజారు పెట్టి, వచ్చిన డబ్బు ఆ పనికి ఇవ్వడం చాలా దేశాల్లో ఉన్న పద్ధతే. అలాంటివి వేలకు వేలు జరిగాయి. చాలావాటిని మరుసటి ఏడాదికే జనం మరిచిపోయారు. అమెరికాలోని బోస్టన్ నగరంలో 1834లో మొదలై రెండు పుష్కరాల పాటు ఏటా క్రిస్మస్ రోజుల్లో జరిగిన ఒక బజారు మాత్రం చరిత్రకెక్కింది. దాన్ని నడిపింది ఆడవాళ్ళు. ఓటు లేనివాళ్ళు. పెళ్ళయితే తమ సంపాదన మీద తమకే హక్కు లేనివాళ్ళు. వాళ్ళు దాన్ని నడిపింది దక్షిణాది రాష్ట్రాల్లో బానిసలుగా బతుకుతున్న నల్లవారి విముక్తి కోసం.

1830 జనాభా లెక్కల ప్రకారం అమెరికాలో బానిసలు 20 లక్షల మంది. బోస్టన్ ఉన్న మసాచుసెట్స్ రాష్ట్రంలో బానిసత్వం అప్పటికి సుమారు 50 ఏళ్ళ కిందటే పోయింది. పోయిందని పైకి చెప్పుకోవడమే. దగ్గరలోని లోవెల్ పట్టణంలో బట్టల మిల్లులు తిరిగేది దక్షిణాది పత్తితో. ఆ పత్తి ఏరేది బానిసలు. ఆ మిల్లుల్లో వాటాలున్నది బోస్టన్ సంపన్న కుటుంబాలకు. అందుకే బానిసత్వం పాపమని గొంతెత్తి అన్నవాళ్ళు ఆ పెద్దమనుషులకు పిచ్చివాళ్ళలా, కొంపలు ముంచేవాళ్ళలా కనిపించారు.

అలాంటి పిచ్చివాళ్ళలో ముందు వరసలో ఉన్నవాడు విలియం లాయిడ్ గ్యారిసన్. 1831 జనవరి 1న ‘లిబరేటర్’ అనే పత్రిక పెట్టాడు. రెండేళ్ళకు, 1833లో, బోస్టన్ మహిళల బానిసత్వ వ్యతిరేక సంఘం పుట్టింది. అందులో తెల్లవారితో పాటు నల్లజాతి స్త్రీలూ సభ్యులే. వాళ్ళలో సుసాన్ పాల్ అనే బడిపంతులమ్మ తన విద్యార్థులతో పాటల బృందం తయారుచేసి కచేరీలు ఇప్పించారు. తెలుపూ నలుపూ ఒకే సభలో పక్కపక్కన కూర్చోవడమే అప్పట్లో ఊరికి పెద్ద వార్త.

మొదటి బజారు ఆలోచన లిడియా మరియా చైల్డ్, లూయిసా లోరింగ్ అనే ఇద్దరిది. చైల్డ్ గురించి కొంచెం చెప్పుకోవాలి. ఇల్లు పొదుపుగా నడుపుకోవడం ఎలాగో చెబుతూ 1829లో ఆమె రాసిన పుస్తకం ఇంటింటా తిరిగింది. పిల్లల పత్రిక ఒకటి నడిపేవారు. దానికీ మంచి గిరాకీ ఉండేది. 1833లో బానిసత్వం వెంటనే రద్దు కావాలంటూ ఒక పుస్తకం రాశారు. అంతే. బోస్టన్ పెద్దల గ్రంథాలయం, ఎథీనియం, ఆమెకు ఇచ్చిన ప్రవేశాన్ని వెనక్కి తీసుకుంది. పిల్లల పత్రికకు చందాదారులు ఒక్కొక్కరే తప్పుకున్నారు. 1834లో ఆ పత్రిక నుంచి ఆమె తప్పుకోవలసి వచ్చింది. అదే ఏడాది డిసెంబరులో ఆమె మొదటి బజారు పెట్టారు. చేతికుట్టు పనులు, అల్లికలు అమ్మితే 300 డాలర్ల దాకా వచ్చాయి.

300 డాలర్లు ఆ రోజుల్లో చిన్న మొత్తమేమీ కాదు. అయితే అంతకన్నా ముఖ్యమైనది ఒకటి ఆ బల్లల దగ్గర తెలిసింది. ఆడది వేదికెక్కి మాట్లాడితే పాదిరీలు ఊరుకోరు. 1837లో మసాచుసెట్స్ మతాధికారులు అలా మాట్లాడే స్త్రీలను తప్పుపడుతూ తమ కిందున్న చర్చిలన్నిటికీ లేఖే రాశారు. కానీ బల్ల వెనక నిలబడి కుట్టుపని అమ్మితే ఎవరు మాత్రం ఏమనగలరు? చర్చి కోసం, అనాథల కోసం అప్పటికే ఆడవాళ్ళు చేస్తున్న పనే కదా. ఊరికి అలవాటైన ఆ మర్యాద పనిలోకి ఊరు సహించలేని విషయాన్ని తీసుకొచ్చారు. ఎత్తు మంచిదే.

సహించలేదని చెప్పడానికి ఒక్క రోజు చాలు. 1835 అక్టోబరు 21. మహిళా సంఘం వార్షిక సమావేశం. ఇంగ్లండు నుంచి వచ్చిన జార్జ్ థాంప్సన్ అనే వక్త మాట్లాడతాడని పుకారు పుట్టింది. వాషింగ్టన్ వీధిలోని ఆ మేడ చుట్టూ వేలమంది మూగారు. కూలీనాలీ జనం కాదు, చాలామంది మంచి కోట్లు తొడుక్కున్న వ్యాపారస్తులే. మేయర్ థియోడర్ లైమన్ లోపలికి వచ్చి, వెళ్ళిపొమ్మని ఆడవాళ్ళను బతిమాలాడు. వాళ్ళు లేచారు. ఒక తెల్ల స్త్రీ, ఒక నల్ల స్త్రీ చేయీ చేయీ పట్టుకుని, జంటలు జంటలుగా ఆ గుంపు మధ్య నుంచి నడిచి, వెస్ట్ వీధిలో సంఘ సభ్యురాలు మరియా వెస్టన్ చాప్‌మన్ ఇంటికి చేరి అక్కడ సమావేశం కొనసాగించారు. గుంపు చేతికి చిక్కింది గ్యారిసన్. నడుముకు తాడు కట్టి వీధుల్లో లాగారు. ప్రాణం దక్కాలంటే వేరే దారి లేక ఆ రాత్రి అతన్ని జైల్లో పెట్టారు.

బజారు మాత్రం ఆగలేదు. ఇక్కడి నుంచి అది మరియా చాప్‌మన్ చేతిలోకి వచ్చింది. 1806లో పుట్టిన ఈమె ఇంగ్లండులో చదువుకుని, బోస్టన్‌లో ఆడపిల్లల హైస్కూలు ప్రిన్సిపాలుగా పనిచేశారు. భర్త హెన్రీ వర్తకుడు, బానిసలు పండించిన సరుకుతో వ్యాపారం చేయనని మంచి లాభాలు వదులుకున్నవాడు. ఆమె చెల్లెళ్ళు కారొలిన్, యాన్, డెబొరా బజారు పనుల్లో కుడిచేతులు. ఎవరు ఏ బల్ల దగ్గర ఉండాలి, ధరలు ఎంత వేయాలి, పత్రికలకు ప్రకటన ఎప్పుడు పంపాలి, అన్నీ ఆ అక్కచెల్లెళ్ళే చూసేవారు. చాప్‌మన్ మాట కటువు, పట్టుదల ఎక్కువ. తోటివారిలోనే ఆమె అంటే గిట్టనివాళ్ళు ఉండేవారు. ఇరవై ఏళ్ళకు పైగా ఒక పని ఆగకుండా నడవాలంటే అలాంటి మనిషి ఒకరు ఉండక తప్పదేమో.

ఇంతకీ ఏమి అమ్మేవారు? తొలినాళ్ళ సరుకు చూస్తే నవ్వూ వస్తుంది, మెచ్చుకోబుద్ధీ వేస్తుంది. ఈకల కలాల కట్ట మీద అవి బానిసత్వ నిర్మూలనవాదులకు 25 ఆయుధాలని చీటీ. కలం మొన తుడిచే గుడ్డ మీద, బానిసత్వపు మరకను తుడిచేయమని. ఉత్తరాలు అంటించే లక్క బిళ్ళల పెట్టె మీద, బానిసత్వపు గతికి ముద్ర పడిందని. సూదులు గుచ్చుకునే గుడ్డ పుస్తకం మీద, ఈ సూదులు బానిస యజమానుల మనస్సాక్షిని పొడవాలని. రోజూ చేతికి తగిలే ప్రతి వస్తువూ ఒక మాట మోసుకెళ్ళాలన్నది ఉద్దేశం. 1836 బజారుకు చైల్డ్ స్వయంగా ఒక ఉయ్యాల బొంత కుట్టారు. చిన్న చిన్న గుడ్డ ముక్కలు నక్షత్రాల్లా కూర్చి, మధ్య గడిలో బిడ్డను అమ్ముకుపోతే ఏడ్చే బానిస తల్లిని తలుచుకోమని తల్లులకు చెప్పే పద్యపాదాలు సిరాతో రాశారు. ఆ బొంత ఇప్పటికీ న్యూ ఇంగ్లండ్ ప్రాంతపు వారసత్వ సంస్థ ఒకదాని దగ్గర భద్రంగా ఉంది. పాపాయిని పడుకోబెట్టే ప్రతిసారీ ఆ పాదాలు కంటపడాలి. కొన్న తల్లి ఎలా పడుకోబెట్టిందో గానీ!

ఏళ్ళు గడిచేకొద్దీ నినాదాల చీటీలు తగ్గాయి, సరుకు నాణ్యం పెరిగింది. దానికి కారణం ఆవిరి ఓడ. 1840లో కునార్డ్ కంపెనీ లివర్‌పూల్ నుంచి బోస్టన్‌కు వరసగా ఓడలు నడపడం మొదలుపెట్టింది. గ్లాస్గో, ఎడిన్‌బరో, బ్రిస్టల్, డబ్లిన్, కార్క్ నగరాల్లోని మహిళా సంఘాలు ఏడాదంతా కుట్టి, అల్లి, పోగుచేసి పెట్టెలకు పెట్టెలు పంపేవి. స్కాట్లండు శాలువాలు, ఐర్లండు నార బట్టలు, లేసులు బోస్టన్ దుకాణాల్లో దొరకని రకాలు కావడంతో డబ్బున్నవాళ్ళు బజారు కోసం ఎదురుచూడడం అలవాటు చేసుకున్నారు. రచయిత్రి హారియెట్ మార్టినో అమెరికా చూసి వచ్చాక, తన చేత్తో చేసిన ఉన్ని అల్లికలు అమ్మకానికి పంపారు. ఏది చెల్లుతుందో, ఏది బల్ల మీదే మిగిలిపోతుందో చెబుతూ సముద్రం అవతలికి ఉత్తరాలు వెళ్ళేవి. 1848లో చాప్‌మన్ పారిస్‌లో మకాం పెట్టి 1855 దాకా అక్కడే ఉన్నారు. అక్కడి నుంచీ సరుకు వచ్చింది.

ఈ ఆడవాళ్ళకు ఎవరూ వ్యాపారం నేర్పలేదు. ఓడ ఎప్పుడు వస్తుంది, సుంకం ఎంత కట్టాలి, తెచ్చిన ఖర్చు పోగా ఎంత మిగులుతుంది, ఏ పత్రికలో ప్రకటన వేస్తే జనం వస్తారు, హాలు అద్దె ఎవరితో బేరమాడాలి, ఇవన్నీ చేస్తూ నేర్చుకున్నారు. ఏటా లెక్కలు అచ్చువేసి చూపించారు. ఒక్క బజారు కోసం ఏడాది పొడవునా కుట్టు కూటాలు. ఒకరు చదువుతుంటే మిగతావాళ్ళు సూది నడిపేవాళ్ళు. చదివింది వార్తలు, బానిసల కథలు. వీటిని కుట్టు కూటాలన్నా తప్పు లేదు, రాజకీయ శిక్షణ తరగతులన్నా తప్పు లేదు.

1840లలో బజారు ఫానియల్ హాలుకు చేరింది. ఊళ్ళో అంత పేరున్న సభామందిరం మరొకటి లేదు. 1742లో పీటర్ ఫానియల్ అనే వర్తకుడు ఊరికి కట్టించి ఇచ్చాడు. ఆ వర్తకుడి సంపాదనలో బానిసల వ్యాపారపు డబ్బూ ఉంది. అదే కప్పు కింద బానిసత్వాన్ని కూల్చడానికి శాలువాలు అమ్మారు.

పచ్చని కొమ్మలతో హాలు అలంకరించేవారు. ఇక్కడ ఒక చిన్న పక్కదారి. ఆ ప్రాంతపు పాత ప్యూరిటన్ మతస్తులకు క్రిస్మస్ పండగంటే పడేది కాదు. మసాచుసెట్స్‌లో దానికి చట్టబద్ధంగా సెలవు ఇచ్చింది 1856లో మాత్రమే. క్రిస్మస్‌కు, కొత్త సంవత్సరానికి బహుమతులు కొని ఇవ్వడం అనే అలవాటు ఆ ఊళ్ళో అప్పుడప్పుడే వేళ్ళూనుతోంది. ఆ అలవాటును పెంచిన చేతుల్లో బజారువాళ్ళ చేతులూ ఉన్నాయి. పండగ బేరాలతో ఉద్యమానికి డబ్బు సంపాదించవచ్చని వాళ్ళు చాలా ముందే కనిపెట్టారు.

బహుమతుల్లో అన్నిటికన్నా పేరు పొందింది ఒక పుస్తకం. 1839 నుంచి 1858 మధ్య చాప్‌మన్ సంపాదకత్వంలో దాదాపు ఏటా బజారుకు వెలువడిన ‘లిబర్టీ బెల్’. అందమైన అట్ట, లోపల కవితలు, వ్యాసాలు, కథలు. రాసినవారికి డబ్బు ఇవ్వలేదు. అడగాలేగానీ కవి లాంగ్‌ఫెలో రాశారు, బానిసత్వం నుంచి తప్పించుకుని వచ్చిన ఫ్రెడరిక్ డగ్లస్ రాశారు, ఫ్రాన్సు నుంచి రాజనీతి రచయిత టాక్‌విల్ రాశారు. పారిపోయిన బానిస స్త్రీ గొంతుతో ఎలిజబెత్ బారెట్ బ్రౌనింగ్ రాసిన కవిత మొదట వచ్చింది 1848 సంచికలోనే. ఫిలడెల్ఫియాలోని పాత గంటను ఈ పేరుతో పిలవడం మొదలుపెట్టింది కూడా బానిసత్వ వ్యతిరేకులే. తర్వాత దేశమంతా ఆ పేరే స్థిరపడింది.

గొడవలు లేవా? కావలసినన్ని ఉన్నాయి. 1840లో అబ్బీ కెల్లీ అనే మహిళను జాతీయ బానిసత్వ వ్యతిరేక సంఘం వ్యవహారాల కమిటీలో వేశారని ఆ సంఘం రెండుగా చీలింది. బోస్టన్ మహిళా సంఘమూ చీలింది. ఒకే ఊళ్ళో, ఒకే లక్ష్యానికి రెండు పోటీ బజార్లు వెలిశాయి. ఇంకో గొడవ డగ్లస్‌తో. ఆయన 1845లో బ్రిటన్, ఐర్లండు పర్యటనకు వెళ్ళినప్పుడు బోస్టన్ బజారుకు సరుకు పంపమని అక్కడి స్త్రీలను అడిగారు. వాళ్ళు పంపారు. అక్కడి అభిమానులే డబ్బు పోగుచేసి, 1846లో ఆయన పాత యజమానికి చెల్లించి స్వేచ్ఛ కొనిపెట్టారు. తిరిగి వచ్చాక 1847 డిసెంబరులో డగ్లస్ రోచెస్టర్‌లో ‘నార్త్ స్టార్’ అనే సొంత పత్రిక పెట్టారు. పత్రిక నడవాలంటే డబ్బు కావాలి. అక్కడా బజారు పెట్టారు. ఇంగ్లండు నుంచి వచ్చిన జూలియా గ్రిఫిత్స్ దాన్ని భుజాన వేసుకున్నారు. దాంతో కొన్ని ఊళ్ళ పెట్టెలు బోస్టన్ బదులు రోచెస్టర్‌కు వెళ్ళసాగాయి. బోస్టన్‌వాళ్ళకు కోపం వచ్చింది. ఉత్తరాల్లో పుల్లవిరుపు మాటలు నడిచాయి. బానిసగా బతికిన మనిషి సొంత పత్రిక పెట్టుకుంటే, సరుకు తగ్గిందని ఆయన శ్రేయోభిలాషులు అలగడం బాగాలేదు. కానీ జరిగింది అదే.

విమర్శల్లో అన్నిటికన్నా పదునైనది మరొకటి. బానిసల పేరు చెప్పి పారిస్ సోకులు అమ్మడం ఏమిటన్నది. బానిసలు పండించిన పత్తి, చక్కెర ముట్టకూడదని నియమం పెట్టుకున్నవాళ్ళు అప్పట్లో ఉన్నారు. ఫిలడెల్ఫియాలో లుక్రీషియా మాట్ అలాంటి మనిషి. వాళ్ళతో పోలిస్తే బోస్టన్ బజారు ఆడంబరంగానే కనిపిస్తుంది. శాలువా కొన్నవాళ్ళందరికీ బానిసత్వం మీద పట్టింపు ఉందా అంటే, లేదు. చాలామందికి శాలువా మీదే పట్టింపు. ఆ సంగతి నిర్వాహకులకు తెలియక కాదు. నమ్మినవాళ్ళ చందాలతోనే సరిపెట్టుకుంటే పత్రిక మూతపడుతుంది. నమ్మనివాళ్ళ డబ్బు కూడా రావాలంటే వాళ్ళకు కావలసింది అమ్మాలి.

ఆ డబ్బు దేనికి ఖర్చయింది? ఒక్క బానిసకూ దుప్పటి అందలేదు, గుప్పెడు గింజలూ అందలేదు. 1850లలో ఏటికి వేల డాలర్లలోకి చేరిన ఆదాయం జాతీయ సంఘానికీ, 1840లో న్యూయార్క్‌లో మొదలైన దాని పత్రిక ‘నేషనల్ యాంటీ స్లేవరీ స్టాండర్డ్’కూ, ఊరూరా తిరిగే ఉపన్యాసకులకూ వెళ్ళింది. కాగితం, సిరా, బండి ఖర్చులు. దాతృత్వం అంటే ఆకలికి అన్నం పెట్టడమే అనుకునేవారికి ఇది దానంలా కనిపించదు. అయితే ఇక్కడ లేమి తిండిది కాదు. మనిషిని కొనడం, అమ్మడం చట్టం ఒప్పుకున్న పని. చట్టం మారాలంటే ముందు జనం మనసు మారాలి. దానికి అచ్చుయంత్రం కావాలి. బజారు డబ్బు సరైన చోటికే వెళ్ళింది.

ఫిలడెల్ఫియా మహిళా సంఘం కూడా 1836 నుంచి 1861 దాకా ఏటా బజారు నడిపింది. అక్కడ షార్లట్ ఫోర్టెన్, గ్రేస్ డగ్లస్ లాంటి నల్లజాతి స్త్రీలు సంఘం పుట్టుకలోనే ఉన్నారు. 1838 మే 14న నిర్మూలనవాదులు అక్కడ ఎంతో ఖర్చుపెట్టి కట్టుకున్న పెన్సిల్వేనియా హాలు తెరుచుకుంది. 17వ తేదీ రాత్రికి గుంపు దానికి నిప్పుపెట్టింది. బజారు మాత్రం మళ్ళీ డిసెంబరుకు జరిగింది.

1858లో చాప్‌మన్ ఉన్నట్టుండి బోస్టన్ బజారు ఎత్తేశారు. ఇంత శ్రమ, ఇంత సరుకు ఎందుకు, నమ్మినవాళ్ళు నేరుగా డబ్బే ఇవ్వవచ్చు కదా అన్నది ఆమె వాదన. బదులుగా 1859 జనవరిలో ఆహ్వానాలు పంపి, సంగీతం పెట్టి, చందాలు వసూలు చేసే సాయంత్రం ఒకటి మొదలుపెట్టారు. డబ్బు తగ్గలేదు. కానీ ఏళ్ళ తరబడి కుట్టిన చేతులకు పని పోయింది, కొందరు బాగా నొచ్చుకున్నారు. చాప్‌మన్ లెక్క తప్పు కాదు. కాకపోతే చందా ఇవ్వాలంటే ముందు చేతిలో డబ్బుండాలి. బజారుకైతే డబ్బు లేని ఆడది కూడా ఏదో ఒకటి కుట్టి ఇవ్వగలిగేది.

తర్వాత అంతర్యుద్ధం వచ్చింది, బజారు పద్ధతి దానికీ పనికొచ్చింది. 1863లో చికాగోలో మేరీ లివర్‌మోర్, జేన్ హోగ్ అనే ఇద్దరు గాయపడిన సైనికుల సహాయం కోసం పెద్ద బజారు తలపెట్టారు. అధ్యక్షుడు లింకన్‌ను ఏదైనా ఇమ్మని అడిగారు. ఆయన బానిసల విముక్తి ప్రకటనకు తన చేతిరాత ప్రతి పంపించారు. దగ్గర ఉంచుకోవాలని ఉన్నా, సైనికులకు మేలు జరుగుతుందంటే అదే మంచిదని లేఖలో రాశారు. అది 3000 డాలర్లకు అమ్ముడుపోయింది. బజారు మొత్తానికి 80 వేల డాలర్లకు పైగా వచ్చాయి. విరాళాల్లో అన్నిటికన్నా ఎక్కువ పలికినదాన్ని ఇచ్చినవారికి బంగారు గడియారం ఇస్తామన్నారు కాబట్టి గడియారం లింకన్‌కే వెళ్ళింది. ఆ చేతిరాత ప్రతి 1871 చికాగో అగ్నిప్రమాదంలో కాలిపోయింది. ఆ విముక్తి కబురు మన దేశానికీ చేరింది. 1873లో జ్యోతిరావు ఫూలే తన ‘గులాంగిరి’ని బానిసత్వాన్ని రద్దుచేసిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చారు.

చికాగో బజారు ఏర్పాట్ల గురించి లివర్‌మోర్ చెప్పిన ఒక సంగతి ఉంది. సరుకు పెట్టడానికి చోటు చాలక, ఒక తాత్కాలిక కట్టడం వేయించాలనుకున్నారు. మేస్త్రీతో ధర కుదిరింది, డబ్బు బ్యాంకులో సిద్ధంగా ఉంది, ఒప్పందం మీద ఇద్దరు ఆడవాళ్ళూ సంతకం పెట్టారు. మేస్త్రీ కాగితం చూసి, ఈ సంతకాలు చెల్లవు, మీ భర్తలు పెట్టాలన్నాడు. డబ్బు మేమే సంపాదించాం కదా అంటే, చట్టం ప్రకారం పెళ్ళయిన స్త్రీ సంపాదన కూడా భర్తదేనని చెప్పాడు. భర్తలొచ్చి సంతకాలు పెట్టారు, కట్టడం లేచింది. యుద్ధం అయిపోగానే ఈ చట్టం పని పట్టాలని లివర్‌మోర్ అప్పుడే నిశ్చయించుకున్నారు. 1869లో చికాగోలో ఆడవాళ్ళ ఓటుహక్కు కోసం సొంతంగా ఒక పత్రిక పెట్టారు. దాని పేరు ‘ది ఏజిటేటర్’.